ముత్తమ్మ చెలమ దాకా

మా ఊరి నుంచి భద్రాచలం వెళ్లొచ్చినవాళ్లు రాములవారి గురించి చెబుతారు. నేను మూడు రోజులు ఆ దారిలో తిరిగి కూడా గుడి మెట్లు ఎక్కలేదు. గోపురానికి దూరం నుంచే దండం పెట్టుకున్నాను. నేను వెళ్లింది కోళ్ల షెడ్డు వెనక పారే ఒక మురికి కాలువ దగ్గరికి. దానికి కాస్త ఎగువన ఒక చెలమ ఉంది. ఆ చెలమ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే మనవరాలు దిద్దుతానంది. అక్షరం దిద్దు, మాట మాత్రం మార్చకు అని ముందే చెప్పాను.

తిరుమలాయపాలెం

మనవరాలి పేరు రజిత. నా బిడ్డ బిడ్డ. వరంగల్లులో ఉండి పెద్ద చదువు చదువుతోంది. ఏం చదువుతున్నావని ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. నీళ్లలో కలిసిన మందును కరెంటుతో తీసేయడం. మందు అంటే పైరుకు కొట్టేది కాదు. మనకు జ్వరమొస్తే, పుండు చీము పడితే దవాఖానాలో రాసిచ్చే యాంటీబయాటిక్ బిళ్లలు. మనుషులు వాడినవి, పశువులకు వేసినవి, కోళ్ల నీళ్లలో పోసినవి చివరికి కాలువల్లోకి, వాగుల్లోకి చేరుతున్నాయట. నేను దానికి మురికినీళ్ల చదువు అని పేరు పెట్టాను. ఆ పేరు వింటే ఆమెకు కోపం.

ఈసారి ఆ కాలువ నీళ్లు పరీక్షించడానికి ఆమెతో వెళ్లాల్సిన స్నేహితురాలు మంచాన పడింది.

"ఒక్కదాన్నే పోత అమ్మమ్మా. ఇదివరకు రెండుసార్లు పోయొచ్చిన కదా."

"అడివి పక్కకు ఒక్కదాన్నెట్ల పంపుత? నేనొస్త."

"నువ్వా? నీ మోకాళ్లు?"

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంట. బస్సుకు పైసలు కూడ లేవాయె."

ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదన్న మాట నిజమేనా అని చూడాలని కూడా నాకు ఉంది.

బయలుదేరే రోజు పొద్దున కోళ్లలో రెండు మెడలు వాల్చి తూగుతున్నాయి. నా దగ్గర ఒక బిళ్లల డబ్బా ఉంది. జ్వరం తగ్గగానే మందు ఆపేసి, మిగిలిన బిళ్లలు అందులో దాస్తాను. పైసలు పెట్టి కొన్నవి పారేయడం నా వల్ల కాదు. అందులోంచి ఒక గొట్టం బిళ్ల విప్పి, లోపలి పసుపచ్చ పొడిని నీళ్లలో కలిపి కోళ్ల నోట్లో పోశాను. కలపడానికి నాకొక చిన్న మూత ఉంది. పిల్లల మందు సీసాల మీద వస్తుంది, గీతలున్న ప్లాస్టిక్ కొలత మూత. పని కాగానే మూతను నీళ్లలో ఒకసారి తొలిచి, కొంగుతో తుడిచి, చక్కెర పొట్లంతో పాటు చేతిసంచిలో వేసుకున్నాను. టీలో చక్కెరకు కూడా అదే నా కొలత.

కొత్తగూడెం

టికెట్టు మాట నిజమే. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ సున్నా రూపాయల టికెట్టు చించి ఇచ్చింది. దాన్ని పారేయలేదు, ఇంటికి తెచ్చాను. కానీ ఊరికే వచ్చిన ప్రయాణంలో కూర్చోవడానికి చోటు దొరకదు. ఖమ్మం దాటేవరకు నిలబడ్డాను. ఆ తర్వాత ఒకామె తన పిల్లను ఒళ్లోకి తీసుకుని నాకు జాగా ఇచ్చింది. నేను కూర్చున్న పది నిమిషాలకు బర్రె అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. పై అరలో పెట్టిన రజిత పెట్టె కింద పడింది.

ఆ పెట్టె మా ప్రయాణానికి ప్రాణం. బకెట్టంత ప్లాస్టిక్ తొట్టి, అందులో ఎదురెదురుగా నిలబెట్టిన రెండు రేకులు, వాటికి తీగలు, వేరుగా ఒక బ్యాటరీ. అంతే. ఒక రేకు మామూలు స్టీలు. రెండో దానికి ఏదో నల్లటి పూత. రజిత విప్పి చూసింది. నల్ల రేకుకు తీగ పట్టుకునే చోట ఊడిపోయింది. పిల్ల ముఖం వాడిపోయింది.

కొత్తగూడెంలో దిగి ఫోన్లు బాగుచేసే అతనికి చూపించాం. ఇది నా పని కాదన్నాడు. పక్క టీకొట్టతను చెప్పాడు, సందు చివర గిల్టు చాచా ఉంటాడు, అడగండి అని.

చాచా అంటే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి. పాత నగలకు, దేవుడి గిన్నెలకు గిల్టు పూత వేస్తాడు. వాళ్ల తాత కాలం నుంచి అదే పని. కొట్టు అంటే నాలుగడుగుల గది. గదిలో మూడు తొట్లు, ఒక కరెంటు డబ్బా. తొట్టిలో నీళ్లు, నీళ్లలో తీగకు కట్టిన గొలుసు. రజిత పెట్టెను చూడగానే ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇది మా పనే కదా బేటీ. రెండు రేకులు, మధ్యల నీళ్లు, కరెంటు. నువ్వు దేనికి పూతేస్తున్నవ్?"

"పూత కాదు చాచా. నీళ్లల్ల మందు ఉంటది. కరెంటిస్తే అది విరిగిపోతది."

"నేను నీళ్లల్లకెళ్లి వెండి తీసి గొలుసు మీద పెడత. నువ్వు నీళ్లల్లకెళ్లి మందు తీసి ఎక్కడ పెడతవ్?"

"ఎక్కడ పెట్టను. ముక్కలు చేస్త."

చాచా నా వైపు తిరిగి, "నా కంటె పెద్ద ఉస్తాద్ ఉన్నదమ్మా మీ ఇంట్ల" అన్నాడు. నాకు లోపల సంతోషమే. పైకి మాత్రం "పని చూడండి, బస్సుంది" అన్నాను.

ఆయన అతుకు పెట్టలేదు. నీళ్లలో నానే చోట అతుకు నిలవదట. చిన్న ఇత్తడి మేకు బిగించి, దాని మీద తీగ చుట్టి, నీళ్లు తగలకుండా లక్క పోశాడు. రేకును మళ్లీ తొట్టిలో పెట్టేముందు మూడు గిన్నెల నీళ్లలో ఒకదాని తర్వాత ఒకటి కడిగాడు.

"ఒక్కసారి చాలదా?" అన్నాను.

"చాలదమ్మా. మన వేలికున్న నూనె కూడ ఈ పని చెడగొడతది. ముంచేది ఏదైనా మూడు నీళ్లు. మా అబ్బాజాన్ గట్లనే నేర్పిండు."

యాభై అడిగాడు. నలభై ఇచ్చాను. నవ్వి తీసుకున్నాడు. మిరపకాయ బజ్జీలు తినిపించి పంపాడు. మా వైపు బజ్జీలో వాము పెడతాం. అక్కడ చింతపండు గుజ్జు పెడుతున్నారు. బాగుంది కానీ పళ్లు పులిశాయి.

గోదావరి దాటాక

సాయంత్రానికి వంతెన దాటాం. ఎండాకాలం కనుక గోదావరి సగం ఇసుకే. సత్రంలో గది రోజుకు మూడొందలు. నీళ్లకు కొళాయి, కూర్చోవడానికి అరుగు. తక్కువే అనిపించింది కానీ ఆ మాట సత్రం గుమస్తా ముందు అనలేదు.

ఎదురు హోటల్లో అన్నం, పప్పు, దోసకాయ పచ్చడి. అన్నం మళ్లీ అడిగితే మళ్లీ పెడతారు. రజిత సగం విస్తరి వదిలేసింది. నేను చూసిన చూపుకు చెయ్యి మళ్లీ విస్తరికి వెళ్లింది.

తింటూ అడిగాను, నీళ్లలో కొద్దిగా మందు ఉంటే ఏమవుతుంది, ఒంటికి మంచిదే కదా అని.

"కొద్దిగ ఉంటేనే మోసం అమ్మమ్మా. రోగం పురుగులు చావవు, మందుకు అలవాటు పడతయ్. రేపు ఎవరికన్న పెద్ద జరమొస్తే ఆ మందు పనిచేయదు. సగం మందు తాగి ఆపినా గంతే."

నేను పచ్చడి కలుపుకుంటూ తల వంచుకున్నాను. ఇంట్లో బిళ్లల డబ్బా గుర్తొచ్చింది. చెప్పలేదు.

కోళ్ల షెడ్డు వెనక

రెండో రోజు తెల్లవారగానే ఆటో వచ్చేసింది. టీ పెట్టుకునే వ్యవధి లేకపోయింది. కిరాయి రానూపోనూ ఐదొందలు అన్నాడు. నాలుగొందలకు ఒప్పించాను. తారు రోడ్డు వదిలి అడవి అంచు పట్టుకుని పోయాం. దారి పొడవునా ఇప్పచెట్లు. కింద చీరలు పరిచి ఆడవాళ్లు పువ్వు ఏరుతున్నారు. ఆ వాసన మత్తుగా, పులిసిన బెల్లంలా ఉంటుంది.

షెడ్డు యజమాని వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడట. మనిషి మర్యాదస్తుడు. రజితను చూసి "రండమ్మా రండి" అన్నాడు, నన్ను చూసి "మామ్మగారూ, కుర్చీలో కూర్చోండి" అన్నాడు.

"కోళ్లకు మందులు పోస్తరంట గద బాబూ?" అన్నాను.

"పోస్తామండి. పిల్లలు దిగిన మొదటి వారం నీళ్లల్లో కలిపి పొయ్యమంటారు. పొయ్యకపోతే ఎన్ని చస్తాయో అని భయం. అమ్మాయిగారు చెప్పాక సగానికి తగ్గించానండి. షెడ్డు కడిగిన నీళ్లు మాత్రం ఈ కాలువలోకే పోతాయి. వేరే దారి లేదు."

ఆయన్ని తిడదామని వెళ్లాను. రెండు కోళ్లకే నేను మందు పోశాను, ఆయనకు వేల కోళ్లు. ఆయన చూపించిన కుర్చీలో కూర్చున్నాను.

రజిత కాలువ నీళ్లు బట్టలో వడగట్టి తొట్టిలో పోసింది. పిడికెడు ఉప్పు వేసింది. ఉప్పు ఉంటే కరెంటు తేలిగ్గా నడుస్తుందట. బ్యాటరీ తగిలించగానే రేకుల మీద సన్నని బుడగలు లేచాయి. సెనగపిండిలో సోడా వేసినట్టు. కాసేపటికి ఊరి ట్యాంకులో బ్లీచింగ్ వేసినప్పటి వాసన వచ్చింది. నల్ల రేకు దగ్గర నీళ్లు, ఉప్పు కలిసి మందును కొరికి ముక్కలు చేస్తాయని చెప్పింది. కాచినా పోని మందు, బట్టలో వడగట్టినా పోని మందు ఇట్లా పోతుందట.

పోయిందో లేదో చూడడానికి ఆమె దగ్గర కాగితపు పట్టీలున్నాయి. పాలకేంద్రాల్లో బర్రెకు మందు వేసి పాలు పోశారేమోనని చూసే పట్టీలు. నీళ్లలో ముంచితే రెండు ఎర్ర గీతలు వస్తే మందు లేదు. ఒకటే గీత వస్తే మందు ఉంది. కాలువ నీళ్లకు ఒకటే గీత వచ్చింది. గంటన్నర కరెంటు పెట్టాక ముంచితే రెండు గీతలు. ఆ రెండో గీత మెల్లగా పొడుస్తుంటే రజిత ఊపిరి బిగబట్టింది. నేను కూడా.

"ఇగ ఈ నీళ్లు తాగొచ్చా?"

"వద్దు. ముక్కలైన మందు మంచిదో కాదో ల్యాబ్‌ల చూడాలె. తెలిసేదాక ఎవరికీ తాగనియ్య."

పని అయిందని చూపించి, అందులోని అనుమానం కూడా తానే చెప్పింది. ఆ పిల్ల నా మనవరాలని అప్పుడు గట్టిగా అనిపించింది.

చెలమ

కాలువ వాగులో కలిసే చోటికి ఎగువన పది పన్నెండు ఇళ్ల గూడెం ఉంది. ముత్తమ్మ ఇల్లు మొదటిది. ఆమెకు నా వయసే ఉంటుంది. కోయవాళ్లు. పిల్లలతో తమ భాషలో మాట్లాడుతుంది, మనతో తెలుగులో. ఆమె కూతురు లక్ష్మి పన్నెండు రోజుల బాలింత. వాళ్లు తాగేది వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్లు. మోకాలి లోతు గుంట. అడుగున ఇసుకలోంచి నీళ్లు ఊరుతుంటాయి. రోడ్డు అవతల గుట్ట మీద బోరు ఉంది కానీ దూరం, పైగా ఆ నీళ్లు తుప్పు వాసన.

పోయినసారి రజిత వచ్చి కాలువ కలిసిన వాగులో మందు ఉందని చెప్పినప్పుడు ముత్తమ్మ ఒకటే అడిగిందట. నా చెలమ మంచిదా కాదా అది చెప్పు అని. ఈసారి చూసి చెబుతానని రజిత మాటిచ్చింది. కానీ కరెంటు పెట్టె దగ్గర నుంచి ఆమె కదలడానికి లేదు. సీసా నా చేతికి ఇచ్చి ముత్తమ్మతో పంపింది.

"వేరే గిన్నె ఏదీ ముట్టించకు అమ్మమ్మా. సీసానే ముంచు."

"చెలమ నీళ్లు తోడుడు నాకు నేర్పుతున్నవా?"

చెలమ దగ్గర మొదట ముత్తమ్మ మనవరాళ్ల కోసం ఉడికించి ఉంచిన ఇప్పపువ్వు అడ్డాకు దొప్పలో పెట్టింది. తియ్యగా, కొంచెం వగరుగా ఉంది. మా వైపు బాలింతకు మంచినీళ్లు లెక్కపెట్టి ఇస్తారు. నా కాన్పులో దాహానికి ఏడ్చాను. ముత్తమ్మ ఇంట్లో కాచిన నీళ్లు లక్ష్మి ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇస్తున్నారు. ఎవరిది మంచి పద్ధతో నాకు తెలియదు. లక్ష్మి ముఖం మాత్రం తేటగా ఉంది.

సీసా మూతి సన్నం. చెలమలో నీళ్లు జానెడే. ముంచితే ఇసుక లేస్తోంది. ముత్తమ్మ తన సొరకాయ బుర్ర అందించింది. ఎండిన సొరకాయను కోసి చేసుకున్న గరిటె అది. ఏళ్ల తరబడి వాడి నల్లబడింది.

"దీంతోని తోడు అక్కా."

నేను ఆ బుర్ర వైపు చూశాను. ఎంత కడిగిందో ఏమో అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అనుకున్నమాట నిజం.

"నాకున్నదిలే" అని సంచిలోంచి నా కొలత మూత తీశాను. దానితో పది పదిహేను సార్లు తోడి సీసా నింపాను. సీసా తెచ్చి రజితకు ఇచ్చాను. మూత సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అనే అనుకోలేదు.

రజిత పట్టీ ముంచింది. ఒకటే గీత వచ్చింది.

పట్టీని ఎండకు ఎత్తి మళ్లీ చూసింది. నా వెంటే వచ్చిన ముత్తమ్మ పక్కన నిలబడి ఉంది.

"ఏమన్నది?"

"చెలమల కూడ ఉన్నట్టున్నది పెద్దమ్మా. కొద్దిగనే. కాని బాలింతకు, పసిబిడ్డకు... వద్దు. కొన్నాళ్లు బోరు నీళ్లు తెచ్చుకోండ్రి."

ముత్తమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "అవ్" అని తల ఊపి వెళ్లిపోయింది. మేము సామాను సర్దుకుని ఆటో ఎక్కేటప్పటికి ఆమె వాగులో వంగి రెండు చేతులతో ఇసుక తోసి చెలమ పూడుస్తోంది. పిల్లలు మళ్లీ తవ్వకుండా దాని మీద ముళ్లకంప వేసింది. ఆ గుంట తన అత్త చూపించిన చోటట. ప్రతి ఎండాకాలం అక్కడే తవ్వుతుందట. తర్వాత బిందె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి గుట్ట ఎక్కింది. ఆటో మలుపు తిరిగే వరకు ఆమె కనబడుతూనే ఉంది.

దారిలో రజిత ఒక్క మాటే అంది. "ఎగువనున్న చెలమకు ఎట్ల చేరింది అమ్మమ్మా? నాకు అర్థమైతలేదు."

సత్రంలో టీ

మూడో రోజు పొద్దున పది గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. టీ పెట్టుకోవడానికి తీరిక దొరికింది. రజిత కేటిల్లో నీళ్లు కాగుతున్నాయి. నేను చక్కెర కోసం కొలత మూత తీశాను.

అరుగు మీద ఎండ పడుతోంది. ఆ వెలుగులో మూత అడుగున, మడతలో, సన్నని పసుపచ్చ చార కనిపించింది. గోటితో గీకాను. పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేదు వాసన.

చాచా మూడు గిన్నెలు గుర్తొచ్చాయి. వేలికున్న నూనె కూడా చాలన్నాడు. నేను ఒక్కసారి తొలిచి కొంగుతో తుడిచాను.

కేటిల్ పొంగి ఆగిపోయింది. నాకు వినబడలేదు. నేను ఏ పనిలోనూ తప్పు చేయనని నమ్మి బతికిన మనిషిని. ఇంట్లో అందరినీ ఆ నమ్మకంతోనే తిట్టాను. ఇప్పుడు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బస్సెక్కితే చాలు. కానీ ముత్తమ్మ ఈ పొద్దు కూడా గుట్ట ఎక్కుతుంది. రేపూ ఎక్కుతుంది.

"రజితా, ఇటు రా."

మూత ఆమె చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. కోళ్లు, బిళ్ల, కొంగు, చెలమ, ముత్తమ్మ బుర్రను వద్దన్నది కూడా.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. మూత చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"వేరే గిన్నె ముట్టించకు అన్న కదనే" అంది నెమ్మదిగా.

"అన్నవ్."

"తప్పు నాది కూడ ఉన్నది. ఒక్క సీసా చూసి చెప్పేసిన. రెండోది నా చేత్తోని నేను తెచ్చుకోవాల్సుండె. ఎగువనున్న చెలమ అని అనుమానమొచ్చింది కూడ. జల్దీ జల్దీ చెప్పేసిన."

"నువ్వు చేసిన తప్పు నాతోని వచ్చింది. లే. ఆటో పిలువు."

"బస్సు పోతది."

"పోనీ. సున్నా టికెట్టే కద."

అప్పుడు నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చిన్నప్పుడు చేదు మందు ఉమ్మేసి, నేను కొడతానేమోనని నవ్వేది, అట్లా.

మళ్లీ అదే దారి

ఆటో అతను ఐదొందలు అన్నాడు. ఎక్కాను. ఏమ్మా, బేరం లేదా ఇయ్యాల అన్నాడు. పోనీ అన్నాను.

ముత్తమ్మ అప్పుడే బోరు దగ్గర నుంచి దిగుతోంది. నెత్తిన బిందె, చంకలో చిన్న బిందె. నేను ఎదురు వెళ్లి చంకలోది అందుకున్నాను. ఇంటి ముందు దించాక, పిల్ల చెబుతానన్నా ఆపి, నేనే చెప్పాను.

"ముత్తమ్మా, నీ చెలమ చెడిపోలే. నా మూత చెడ్డది. దానికి కోళ్ల మందు అంటుకొని ఉండె. నేను చూసుకోలే."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత తమ భాషలో లోపలున్న లక్ష్మికి ఏదో చెప్పింది. లక్ష్మి నవ్వు వినబడింది.

"ఏమన్నవ్?" అన్నాను.

"నా బుర్ర నల్లగున్నదని పక్కకు పెట్టినవ్ కద. నీ మూత తెల్లగనే ఉండె అని చెప్పిన."

ముత్తమ్మ ముళ్లకంప వైపు చెయ్యి చూపించింది.

"పూడ్చింది నేను. తవ్వేది నువ్వు" అంది.

తవ్వాను. ముళ్లకంప తీసేటప్పుడు వేలికి గుచ్చుకుంది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడాను. రజిత వంగబోతే ముత్తమ్మ ఆపింది. "ఉండు బిడ్డా, అక్క పని అక్కను చెయ్యనియ్." మోచేతి లోతుకు తడి తగిలింది. ఇంకా తవ్వితే నీళ్లు. మొదటి నీళ్లు బురదగా వచ్చాయి. ముత్తమ్మ బుర్ర అందించింది. ఈసారి తీసుకున్నాను. చేతికి తేలిగ్గా, లోపల నున్నగా ఉంది. నిన్న నా మూత ముంచిన నీళ్ల జాడ కూడా మిగలకూడదని రజిత అంది. మొత్తం తోడి పారబోయడం, మళ్లీ ఊరేదాకా కూర్చోవడం. ఒకసారి, రెండోసారి, మూడోసారి. మూడు నీళ్లు. చాచా చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

ఊరేదాకా ఏం చేస్తాం, మాట్లాడుకున్నాం. ముత్తమ్మ నా కోళ్ల గురించి అడిగింది. తూగితే ఏం చేస్తావని నేను అడిగాను. వేరుగా గంప కింద పెడతానంది. బతికితే బతుకుతుంది, లేకపోతే లేదు. కాలువ నీళ్లు శుభ్రం చేసే పెట్టె ఎప్పటికి వస్తుందని రజితను అడిగింది. ఇంకా పెద్దది కట్టాలి, షెడ్డాయన చోటిస్తానన్నాడు, రెండేళ్లు పడుతుందేమో అంది రజిత. "నువ్వు రాకున్నా మీ అమ్మమ్మను పంపకు" అంది ముత్తమ్మ. ముగ్గురం నవ్వాం.

నాలుగోసారి నీళ్లు తేటగా నిలిచాయి. అడుగున ఇసుక రవ్వలు ఒక్కొక్కటి కనబడుతున్నాయి. రజిత ఒక సీసాను సొంత చేత్తో, ఇసుక లేవకుండా ఓపికగా పక్కకు వాల్చి నింపింది. రెండో సీసాను ముత్తమ్మ బుర్రతో నింపించింది. రెండు పట్టీలు ముంచి రాయి మీద పెట్టింది. మేం ముగ్గురం వాటి చుట్టూ గొంతుక్కూర్చున్నాం. లక్ష్మి బిడ్డను ఎత్తుకుని గడప దాకా వచ్చి నిలబడింది.

మొదటిదానికి ఒక గీత వచ్చింది. ఆగాం. రెండో గీత కూడా వచ్చింది. బుర్ర నీళ్ల పట్టీకి కూడా రెండు గీతలు.

"లేదు పెద్దమ్మా. మందు లేదు. అప్పుడప్పుడు వచ్చి చూస్త. కాచి మాత్రం తాగండ్రి."

ముత్తమ్మ బుర్ర నిండా నీళ్లు ముంచి నా నోటి ముందు పెట్టింది. "ముందు నువ్వు."

రజిత వద్దన్నట్టు చూసింది. నేను చూడనట్టు తాగాను. చల్లగా ఉన్నాయి, ఇసుక వాసన ఉంది. చివరి గుక్క మింగేదాకా ముత్తమ్మ నా గొంతు వైపే చూసింది. తర్వాత బోరు నీళ్ల బిందెను గడప బయట వంపేసి, చెలమ దగ్గర నింపుకుని, లక్ష్మికి కాచడానికి పొయ్యి మీద పెట్టింది.

ఇంటికి వచ్చి బిళ్లల డబ్బా రజితకు ఇచ్చాను. పెంటమీద వేయకు, కాలువలో వేయకు అని ఆమె నాకు చెప్పబోతే, తెలుసులే అన్నాను. కోళ్లలో ఒకటి బతికింది. కొలత మూత ఆమె పెట్టెలోనే ఉండిపోయింది. దాన్ని కడిగిన నీళ్లకే మొదటగా కరెంటు పెట్టి చూస్తుందట.

ఆ వైపు వెళ్లేవాళ్లకు దారి చెబుతాను. వంతెన దాటి, అడవి అంచు పట్టుకుని, కోళ్ల షెడ్డు కాలువకు ఎగువన మొదటి ఇల్లు. చెంబు, గ్లాసు ఏమీ తీసుకెళ్లకండి. తోడడానికి ముత్తమ్మ దగ్గర బుర్ర ఉంది.